సర్వశ్రీ లక్ష్మన్న

"నువ్వు పోయేది లేదు," అంది రుక్మిణమ్మ.

పొద్దుటి నుంచి ఆ మాట అనడం అది నాలుగోసారి. మొదటి మూడుసార్లూ వంటింట్లోంచే అంది. ఈసారి హాల్లోకి వచ్చి, టెలిఫోన్ పక్కన నిలబడి అంది. అంటే మాట ముదిరిందన్నమాట.

లక్ష్మన్న కుర్చీలోంచి కదల్లేదు. పెనుకొండ నుంచి మూడుసార్లు గెలిచిన ఎమ్మెల్యే. మైకు లేకుండా రెండు వేల మందికి వినిపించే గొంతు. ఆ గొంతు తన వంటింటి గడప మాత్రం దాటదు.

పొద్దున ఏడింటికి హైదరాబాదు నుంచి పార్టీ పెద్దాయనే ఫోన్ చేశాడు. పాత స్పీకరు ఎంపీగా ఢిల్లీ వెళ్లిపోయాడు, సోమవారం కొత్త స్పీకర్ ఎన్నిక, పేరు లక్ష్మన్నది. సాయంత్రం ఐదుకల్లా సరే అని చెప్పాలి. ఫోన్ పెట్టేసేలోపే వార్త వీధి చివరికి పాకింది. ఎనిమిదింటికి వాకిట్లో పూలదండలు, తొమ్మిదింటికి తప్పెట్లు. హిందూపురం వాళ్లైతే రేపే సన్మానమని షామియానా కూడా మాట్లాడేశారు.

"స్పీకరే రుక్కూ," అన్నాడు లక్ష్మన్న బుజ్జగింపుగా. "నేను లోపలికొస్తే సభంతా లేచి నిలబడతాది."

"నిలబడనీ. ఆ కుర్చీలో కూచ్చున్నోడు ప్రశ్న అడగొచ్చునా, కూడదా?"

లక్ష్మన్న గోడ మీది క్యాలెండరు చూశాడు.

"కాలేసాబ్, నువ్వు చెప్పు."

కాలేసాబ్ పద్నాలుగేళ్లుగా లక్ష్మన్నకు పి.ఏ. పెనుకొండలో టైపు ఇన్‌స్టిట్యూట్ నడుపుకుంటూ, ఒక అర్జీ టైపు చేసి పెట్టమని వచ్చిన లక్ష్మన్న వెంట వెళ్లి మళ్లీ ఇన్‌స్టిట్యూట్ తలుపు తీయనివాడు. "కూడదక్కా," అన్నాడు నేల చూస్తూ. "కుర్చీ ఎక్కినాక అన్న పేరు మీదుండే ప్రశ్నలన్నీ పోతాయి. అది రూలు."

గుమ్మం పక్కన వేరుశనక్కాయలు ఒలుస్తున్న కుళ్ళాయమ్మ తలెత్తింది. లక్ష్మన్న తల్లి. ఆమెకు ఎనభై ఏళ్లు, ఆమె చెవులకు ఇరవై. "పేరేమో స్పీకరంట. మాట్లాడకూడదంట. యాడన్నా ఉండాదా ఇట్లాంటి ఉద్యోగం?"

"నువ్వు ఊరుకోమ్మా."

"నేను స్పీకర్ను కాదు కదప్పా, ఊరుకునేదానికి."

తప్పెట్ల వాళ్లు బయట కొత్త దరువు ఎత్తుకున్నారు.

గొడవంతా బుధవారం నాటి ప్రశ్న గురించి.

రెండేళ్ల కిందట ఎన్నికల ప్రచారానికని రుక్మిణమ్మ ఎగువరాచపల్లికి వెళ్లింది. ఆమె అటు వెళ్లగానే ఇటు ఎర్రవంక పొంగింది. రెండు రోజులు అవతలి గట్టునే చిక్కుకుపోయింది. లక్ష్మక్క అనే ఆవిడ ఇంట్లో తిని, ఆవిడ చీరే కట్టుకుని, ఆవిడ చాప మీదే పడుకుంది. వంక వచ్చినన్నాళ్లూ ఆ ఊరి పిల్లలకు బడి లేదని, కాన్పు నొప్పులొచ్చిన మనిషిని మంచం మీద మోసుకుని నడుంలోతు నీళ్లలో దాటిస్తారని ఆ రెండు రోజుల్లో కళ్లారా చూసింది. మూడో రోజు బయల్దేరుతుంటే ఆడవాళ్లు జీపుకు అడ్డం నిలబడ్డారు.

"మీ ఆయన మా వంక మాట అసెంబ్లీలో ఎత్తుతాడా?"

"ఎత్తకపోతే ఇంగ మీ ఊర్లో ఓటు అడిగేదానికి రాను. మీ మొగం చూసేదానికీ రాను," అంది రుక్మిణమ్మ.

అప్పటి నుంచీ ప్రతి సమావేశానికీ కాలేసాబ్ ఆ ప్రశ్న టైపు చేస్తూనే ఉన్నాడు. ఏదో ఒక కారణంతో అది జాబితాకు ఎక్కనే లేదు. తీరా ఇప్పుడు ఎక్కింది. బుధవారం నాడు. సోమవారం లక్ష్మన్న కుర్చీ ఎక్కితే బుధవారానికి ప్రశ్న ఉండదు.

"బ్రిడ్జి కదా నీకు కావల్సింది," అన్నాడు లక్ష్మన్న. "మంత్రిని నా రూముకు పిలిపించి చెప్తా. స్పీకర్ చెప్తే కాదంటాడా?"

"రెండేండ్లుగా చెప్తానే ఉండావు. సభలో మంత్రి ఫలానా తేదీ అంటే అది రాతలో ఉంటాది. నువ్వు చెవిలో చెప్పింది యాడుంటాది?"

"నీకు నా మీద నమ్మకం లేదు."

"నీ మీద ఉండాది. చెవుల మీద లేదు."

లక్ష్మన్న లేచాడు. కండువా సర్దుకున్నాడు. తల్లి దగ్గర వంగి ఏదో చెప్పాడు. చెప్పులేసుకుని, "హిందూపురం పోయొస్తా. సన్మానం కమిటీవాళ్లు రమ్మన్నారు," అన్నాడు.

"ఐదింటికి ఫోనొస్తే ఏం చెప్పాల?"

"ఇంకా పదే అయ్యింది కదా," అన్నాడు గుమ్మంలో ఆగి. ఆ మాటకు అర్థమేమిటో అతనికీ తెలిసినట్టు లేదు. జీపు కదిలింది. తప్పెట్లు దాని వెనకే పరిగెత్తాయి.



"ఆ జాబితా యాడుండాది? ఒకసారి చూపించు," అంది రుక్మిణమ్మ.

కాలేసాబ్ చెయ్యి సంచీ మీదికి పోయి ఆగింది. "చూసేదేముందక్కా. ప్రశ్న మీకు కంఠతా వచ్చు కదా."

"ఇయ్యబ్బా."

ఇచ్చాడు. ఇచ్చాక రెండడుగులు వెనక్కు వేశాడు.

రుక్మిణమ్మ పదో తరగతి దాకా చదువుకుంది. తెలుగులో ఎప్పుడూ ఫస్టే. జాబితాలో ఎర్రవంక మీద వంతెన ప్రశ్న దగ్గర వేలు పెట్టింది. 'సర్వశ్రీ లక్ష్మన్న (పెనుకొండ),' అని ఉంది. ఆ తర్వాత అక్షరాలు లేవు. కాగితమే లేదు. నాలుగు మూలలూ తీర్చి కత్తిరించిన చిన్న కిటికీ ఉంది. కిటికీలోంచి ఆమె వేలే ఆమెకు కనిపించింది.

ఆ ఇంట్లో కాగితాలకు కిటికీలు కొత్త కాదు. రోజూ వచ్చే పేపరుకు కూడా అక్కడక్కడా ఉంటాయి. ఫైలు కోసం వార్తలు కత్తిరిస్తున్నానని కాలేసాబ్ చెప్తే ఆమె ఆరేళ్లుగా నమ్ముతూనే ఉంది. ఒకసారి పేపరులో జంతికలు పోస్తే కిటికీలోంచి సగం కిందికి జారిపోయాయి. అప్పుడు కూడా ఆమెకు అనుమానం రాలేదు.

"కాలేసాబ్, ఒక్క మనిషికి సర్వశ్రీ అని ఎందుకు రాస్తారు?"

"అచ్చుతప్పు అక్కా."

"ఇద్దరో ముగ్గురో ఉంటేనే కదా సర్వశ్రీ. మా ఆయన ఒక్కడే. ఆయన ఒంటరిగా ఎప్పుడు సర్వశ్రీ అయినాడు?"

"గవర్నమెంటు ప్రెస్సు కదక్కా. వాళ్లకేం తెలుసు తెలుగు."

"పేరు తరువాత కామా ఉండాది. కామా తరువాత బొక్క ఉండాది. కామా కూడా అచ్చుతప్పేనా?"

కాలేసాబ్ నుదురు తుడుచుకున్నాడు. ఆరేళ్లలో ఎన్నో జాబితాలు కత్తిరించాడు గానీ, కామాను వదిలేసిన సంగతి అతనికీ ఇప్పుడే తెలిసింది.

"ఎవరి పేరు అది?"

జవాబు కుళ్ళాయమ్మ నుంచి వచ్చింది. కాయ ఒలుస్తూనే, తల ఎత్తకుండానే అంది. "ఈ ఇంట్లో చెప్పకూడని పేరు ఎన్ని ఉండాయమ్మా? ఒకటే కదా."

రుక్మిణమ్మ నెమ్మదిగా మంచం మీద కూర్చుంది.

నల్లప్ప. ఆమె తమ్ముడు. బావ వెంట తిరిగి రాజకీయం నేర్చుకుని, ఆరేళ్ల కిందట అవతలి పార్టీలో చేరి, ధర్మవరంలో గెలిచినవాడు. పేపర్లో అవతలి కండువాతో అతని ఫోటో చూసిన రోజు రుక్మిణమ్మ చేతిలోని సంగటి గిన్నె గోడకు తగిలింది. "నా గడప తొక్కొద్దు" అని కబురు పంపి, మూడు రోజులు పొయ్యి వెలిగించలేదు. నాలుగో రోజు పొద్దున ఆకలితో లక్ష్మన్న కాలేసాబ్‌ను పిలిచి, ఆ పేరు ఇంట్లోకి రాకుండా చూడమన్నాడు. కాలేసాబ్ కత్తెర కొన్నాడు.

"ఇదే ప్రశ్న వాడెందుకు ఇచ్చినాడు? ఎగువరాచపల్లి వాడి నియోజకవర్గం కాదు. వాడికేం పని?"

"అది ఆయన్నే అడగాలక్కా."

"అడుగుతా. పదకొండున్నర ప్యాసింజరు ఉండాది కదా? పద."

"నేనెందుకక్కా?"

"నిన్ను ఈడ వదిలితే మా ఆయనకు ఫోను కొట్టవా?"

అదే చేద్దామనుకుంటున్న కాలేసాబ్ నోరెత్తకుండా చెప్పులు వెతుక్కున్నాడు.

*

ధర్మవరంలో ఆ వీధి మారలేదు. ప్రతి ఇంట్లోంచీ మగ్గం చప్పుడు. తన అమ్మానాన్నల కాలం నాటి నీలం తలుపు ముందు రుక్మిణమ్మ ఆగింది. రైల్లో కూర్చున్నంతసేపూ కూడబలుక్కున్న నాలుగు కఠినమైన మాటలు వరసగా నాలుక మీద పెట్టుకుంది.

తలుపు తీసింది నల్లప్పే. ఎదురుగా నిలబడ్డ మనిషిని చూసి రెండు క్షణాలు రెప్ప వేయలేదు.

"చెప్పులు ఎండలో ఇడ్చొద్దక్కా. కాలతాయి. లోపల పెట్టు," అన్నాడు.

నాలుగు కఠినమైన మాటల్లో ఒక్కటీ గుర్తు రాలేదు.

మరదలు శ్రీదేవి లోపల్నుంచి వచ్చి కాళ్లకు నీళ్లిచ్చింది. ఆమె కట్టుకున్న చీర మీద రుక్మిణమ్మ చూపు నిలిచింది.

"నీదే వదినా," అంది శ్రీదేవి నవ్వు ఆపుకుంటూ. "ఏటా ఒకటి పంపితిమి. ఏటా తిప్పి పంపితివి. ఆరు పట్టుచీరలు నీ పుణ్యాన నాకొచ్చినాయి. ఇప్పుడు రాజీ అయితే నాకే నష్టం."

భోజనాలు పెట్టారు. కాలేసాబ్‌కు వెనక వసారాలో పీట వేశారు. రుక్మిణమ్మ అన్నం కలుపుతూ తల ఎత్తకుండా అడిగింది.

"ఆ ప్రశ్న ఎందుకిచ్చినావు?"

"నువ్వు రెండు రోజులు వంక అవతల చిక్కుకున్నావని పేపర్లో చదివినా."

"ఓట్లకు కాదా?"

"ఆ ఊర్లో నాకు ఓటేసే హక్కు ఉన్నోడే లేడు కదక్కా."

రుక్మిణమ్మ కాసేపు ఊరికే ముద్ద కలిపింది. ఆ తర్వాత గొంతు సవరించుకుంది. "సరే. మీ బావ స్పీకరైతే ఆయన పేరు పోతాది. నీ పేరు ఉంటాది. బుధవారం నువ్వు అడుగు."

నల్లప్ప చెయ్యి పళ్లెంలో ఆగిపోయింది.

"అడగలేనక్కా. వేరుశనగ నష్టపరిహారం మీద ఆ రోజు వాకౌట్ అని మా పార్టీ తీర్మానం. ప్రశ్నలు మొదలు కాంగనే లేచిపోవాల. నేను విప్‌ను. అందరికంటే ముందు లేవాల్సిందే నేను."

"నువ్వు లేచిపోతే ప్రశ్న ఏమవుతాది?"

"పేరు పిలుస్తారు. మనిషి లేకుంటే తరువాత ప్రశ్నకు పోతారు."

"పిలిచేదెవరు?"

"బావే. బావే పిలుస్తాడు, బావే దాటేస్తాడు."

"వేరుశనగకు లేచిపోతే లేచిపో. రెండు నిముషాలు ఆగి పోతే ఏమి?"

"విప్ కూచ్చొని ఉంటే వాకౌట్ అంటారా అక్కా దాన్ని? నవ్వుతారు."

"ఆడ ఆడోళ్లను మంచం మీద మోస్తాండారు నల్లప్పా. వాళ్లకు నవ్వొస్తాదా?"

నల్లప్ప ఏదో అనబోయాడు. అప్పుడే వీధిలో జీపు ఆగిన చప్పుడైంది.

ఆ జీపు చప్పుడు రుక్మిణమ్మకు నిద్రలో కూడా తెలుసు. పళ్లెం పక్కకు జరిపి, లేచి, లోపలి గది తలుపు వెనక్కు వెళ్లింది. నల్లప్ప నడిమింట్లోకి పరిగెత్తేసరికే లక్ష్మన్న లోపలికి వచ్చి, అలవాటైన మనిషిలా ఫ్యాను స్విచ్ వేసి, కుర్చీ లాక్కున్నాడు.

"టీ చెప్పు నల్లప్పా. ఎప్పటి మాదిరే, చక్కెర తక్కువ."

"బావా..."

"ముందు నన్ను చెప్పనీ. ఇంట్లో పెద్ద రచ్చగా ఉండాది. మీ అక్క ససేమిరా అంటాంది. అసెంబ్లీ క్యాంటీన్లో ఆ పొద్దు నువ్వే కదా చెప్పినావు, ఇద్దరి పేర్లూ పెడదాం, ఒకరు లేకుంటే ఒకరు అడగొచ్చని. ఇప్పుడు ఆ అవసరం వచ్చింది."

నల్లప్ప కనుబొమలు ఎగరేశాడు. దగ్గాడు. లోపలి గది వైపు తల విసిరాడు.

"ఏమబ్బా, మెడ పట్టేసిందా?" అన్నాడు లక్ష్మన్న. "బుధవారం వాకౌట్ నాకు తెలుసు. కానీ నువ్వు లేవద్దు. మీ అక్క మాట పోతే నేను ఆ ఇంట్లో ఉండలేను. ఆ కుర్చీ కూడా నాకు కావల్ల, నీతో దాపరికమెందుకు. రెండూ కావల్ల. ఆరేండ్లుగా ఆమెకు తెలీకుండా నీతో టీ తాగినా. ఈ ఒక్కటీ చేసి పెట్టు."

వెనక వసారాలో కాలేసాబ్ చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది.

లోపలి గది తలుపు తెరుచుకుంది.

లక్ష్మన్న లేచి నిలబడ్డాడు. సభంతా తనను చూసి లేచి నిలబడుతుందని పొద్దున చెప్పినవాడు, భార్యను చూసి తనే లేచాడు.

"ఆరేండ్లు," అంది రుక్మిణమ్మ.

"రుక్కూ, అది..."

"నేనేమో ఆరేండ్లు పండగకు ఏడ్చుకుంటా కూచ్చుంటి. మీరు ఆడ టీలు తాగుతాంటిరి."

"సమావేశాలప్పుడే," అన్నాడు లక్ష్మన్న.

"బిస్కెట్లు కూడా లేవక్కా," అన్నాడు నల్లప్ప.

శ్రీదేవి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రుక్మిణమ్మ పెదవులు బిగించింది. లోపల్నుంచి కోపం వస్తోందో, నవ్వు వస్తోందో ఆమెకే తేలలేదు. రెండిట్లో ఏది ముందు బయటపడేదో గానీ, ఈలోపు టెలిఫోన్ మోగింది.

శ్రీదేవి ఎత్తింది. విన్నది. ఆమె ముఖంలోని నవ్వు ఎగిరిపోయింది. రిసీవరు మీద చెయ్యి మూసి, గొంతు తగ్గించి చెప్పింది.

"హైదరాబాదు నుంచి. అన్న వాళ్ల పార్టీ పెద్దాయన. లక్ష్మన్న ఈడ ఉండాడా అని అడుగుతాండాడు."



ఎన్నిక ఎల్లుండి. స్పీకరు కావాల్సిన మనిషి ప్రతిపక్షం విప్ ఇంట్లో, ఆ విప్ ఫ్యాను కింద. పేరు మారిపోవడానికి అంతకంటే పెద్ద కారణం అక్కర్లేదు.

రుక్మిణమ్మకు ఆ క్షణంలో ఒక సంగతి తట్టింది. 'ఉండాడు సార్' అని ఒక్క ముక్క అంటే చాలు. పేరు మారిపోతుంది. ప్రశ్న భర్త పేరు మీదే ఉంటుంది. బుధవారం ఆయనే లేచి అడుగుతాడు. ఎగువరాచపల్లికి తనిచ్చిన మాట ఎక్కడికీ పోదు. తను పొద్దుటి నుంచి పోరాడింది దానికే.

భర్త వైపు చూసింది. ఆయన చెప్పొద్దని సైగ చేయలేదు. బతిమాలలేదు. పరీక్ష ఫలితం చూడడానికి వచ్చిన పిల్లవాడిలా నిలబడ్డాడు, అంతే.

రుక్మిణమ్మ రిసీవరు అందుకుంది.

"నమస్కారం సార్. నేను రుక్మిణమ్మను. లక్ష్మన్న భార్యను."

అవతలి గొంతు ఒక్క క్షణం తడబడింది. "మీరా అమ్మా? ఇది నల్లప్ప గారి ఇల్లే కదా?"

"మా పుట్టిల్లు సార్."

"లక్ష్మన్న హిందూపురం చూసుకుని అక్కడికే వెళ్తానన్నాడని మీ అత్తగారు చెప్పారు. ఎన్నికకు రెండు రోజుల ముందు ప్రతిపక్షం విప్ ఇంట్లో ఏం పని ఉంటుందమ్మా? ఇక్కడ మావాళ్లు రకరకాలుగా అనుకుంటున్నారు."

అత్తకు కూడా తెలుసన్నమాట. ఆ సంగతి తర్వాత చూసుకోవచ్చు.

"పొద్దున మా ఇద్దరికీ మాటామాటా వచ్చింది సార్," అంది రుక్మిణమ్మ తొణక్కుండా. "నేను పుట్టింటికి వచ్చేస్తి. ఆయన పిలుచుకొని పోయేదానికి వచ్చినాడు. పెండ్లాం పుట్టింటికి పోతే మొగుడు యాడికి రావాల సార్? పార్టీ ఆఫీసుకా?"

లక్ష్మన్న కళ్లు మూసుకున్నాడు.

ఆ తర్వాత రిసీవరులోంచి నవ్వు వినిపించింది. పెద్ద నవ్వు. గదిలో అందరికీ వినిపించేంత. "నిజమేనమ్మా. మా ఆవిడ వెళితే నేనూ వెళ్లాల్సిందే, ఏ పార్టీ ఇల్లయినా. మరి రాజీ కుదిరిందా? లక్ష్మన్న సరే అంటున్నాడా?"

ఇంకా మూడు కూడా కాలేదు. ఐదు దాకా ఆగొచ్చు. రుక్మిణమ్మ ఆగలేదు.

"సరే అంటాండాడు సార్. నేనూ సరే అంటాండా."

లక్ష్మన్న కళ్లు తెరిచాడు. పొద్దుటి నుంచి వినాలని ఆశపడ్డ మాట విన్నాక కూడా అతను కూర్చోలేకపోయాడు.

"చాలా సంతోషం," అంది అవతలి గొంతు. "ఇక ఒక్కటే మిగిలింది. వాళ్లు పోటీ పెట్టకుండా ఎన్నిక ఏకగ్రీవమైతే ఆ కుర్చీకి అందం. నల్లప్ప గారు పక్కనే ఉన్నారు కదా? ఒకసారి ఫోన్ ఇవ్వండమ్మా."

నల్లప్ప చెయ్యి చాచాడు.

రుక్మిణమ్మ రిసీవరు ఇవ్వలేదు. మాట్లాడే వైపు అరచేతితో గట్టిగా మూసి, దాన్ని గుండెకు ఆనించుకుంది. ఇప్పుడు ప్రశ్న మీద భర్త పేరు పోయినట్టే. పోగొట్టింది తనే. ఎగువరాచపల్లి వంకకు మిగిలింది ఒక్క నోరు.

"ఆయన ఏమడుగుతాడో నాకు తెలీదు. నువ్వు ఆయనకేం చెప్తావో నాకు అక్కర్లేదు," అంది తమ్ముడితో. "ముందు నాకు చెప్పి ఫోను తీసుకో. బుధవారం కూచ్చుంటావా, లేస్తావా?"

నల్లప్ప దిక్కుతోచక బావ వైపు చూశాడు.

లక్ష్మన్న అప్పుడే కుర్చీ ఎక్కిన మనిషిలా, ఎటువైపూ మాట్లాడకుండా, పైన తిరుగుతున్న ఫ్యాను చూస్తున్నాడు.